అరవై ఏళ్ళ అక్కకు ప్రోత్సాహక బహుమతి

ఆ కరోనా రోజుల్లో లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటే, నా నోటికి మాత్రం ఏ గుడ్డా అడ్డం రాలేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి ఉన్నంత తెలివి మళ్ళీ జన్మలో ఉండదు. ఏ విషయం మీదైనా అభిప్రాయం చెప్పగలిగేదాన్ని, సంగీతం మీదైతే తీర్పే చెప్పేదాన్ని. ఎందుకంటే ఇంటర్ చదివేటప్పుడు జిల్లా స్థాయి లలిత సంగీతం పోటీలో నాకు ద్వితీయ బహుమతి వచ్చింది. (పోటీకి వచ్చింది ముగ్గురమే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.)

జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ ముగించి, ఉద్యోగం దొరక్క, స్టుట్‌గార్ట్ దగ్గర ఎస్-బాన్ రైలు లైను చివరి ఊళ్ళో మా అక్కా బావల ఇంట్లో మకాం పెట్టాను. పేరుకి ఉద్యోగాల వేట, అసలు పని మా చిట్టిని ఆడించడం. చిట్టి అక్క కూతురు. నాలుగేళ్ళది. కీటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేశారు, పార్కులో ఊయలలకు ఎర్రతెల్ల పట్టీలు చుట్టేశారు. దాని వయసు పిల్ల మొహం చూసి నెలలైంది. ఇక ఆ పిల్ల ఏడుపుకు టైమ్‌టేబుల్ ఉండేది. సరిగ్గా పొద్దున తొమ్మిదింటికి, కీటాకు బయల్దేరే వేళకు మొదలుపెట్టేది. సరిగ్గా అదే తొమ్మిదింటికి మా బావకు జపాన్ క్లయింటుతో మీటింగు. కార్ల విడిభాగాల కంపెనీలో కొత్త ఉద్యోగం, ఇంకా ప్రోబెట్సైట్ నడుస్తోంది. అంటే మొదటి ఆరు నెలల పరీక్షాకాలం. ఈలోగా నచ్చకపోతే రెండు వారాల నోటీసుతో ఇంటికి పంపొచ్చు. మామూలు రోజుల్లోనే అది కత్తి మీద సాము. కంపెనీలన్నీ మనుషుల్ని తగ్గించుకుంటున్న ఆ రోజుల్లో ఇక చెప్పేదేముంది? ఉద్యోగం పోతే ఆ వెనకే వీసా.

ఒకరోజు బావ మీటింగు నుంచి పాలిపోయిన మొహంతో బయటికొచ్చాడు. "క్లయింటు మా బాసుకు చెప్పిండంట, మీ ఇంజినీరు ఇంట్ల ఏదో సైరన్ మోగుతదని. సైరన్ కాదు సార్, నా బిడ్డ అని ఎట్ల చెప్పాలె? మరదలా, ఇంక ఆరు వారాలు. ఆరు వారాలు దాన్ని తొమ్మిదింటికి ఏడ్వకుంట ఆపినవనుకో, నీకు గుడి కట్టిస్త."

"నువ్వు ఫికర్ జెయ్యకు బావా, నేను పాట పాడి ఊకోబెడ్త" అన్నాను. పాడాను కూడా. జిల్లా ద్వితీయ బహుమతి తెచ్చిన పాటే ఎత్తుకున్నాను. చిట్టి ఒక్క క్షణం ఏడుపు ఆపి, నా నోట్లోకి అనుమానంగా చూసి, "నైన్!" అని జర్మన్‌లో వద్దని అరిచి, రెట్టింపు స్థాయిలో అందుకుంది. వంటింట్లోంచి అక్క, "వద్దే తల్లీ, ఏడ్చేదాన్ని ఏడ్వనియ్యి, నువ్వు గూడ షురువు చేస్తే బావ ఉద్యోగం ఇయ్యాల్నే పోతది" అంది. సొంత అక్క మాటకు నిర్ఘాంతపోయాను.

ఆ మర్నాడు పదింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే పక్క ఫ్లాటు జపాను ఆవిడ. జర్మనీలో పక్కింటివాళ్ళు బెల్లు కొట్టారంటే రెండే కారణాలు. మన పార్సెల్ వాళ్ళింట్లో ఉండాలి, లేకపోతే మన చప్పుడు వాళ్ళింట్లో ఉండాలి. చేతిలో పార్సెల్ లేదు. అరవై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, తెల్ల మాస్కు, రెండు మీటర్ల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది. "మీ పాప రోజూ తొమ్మిదింటికి ఏడుస్తుంది" అంది మెల్లని జర్మన్‌లో. క్షమాపణలు వల్లించబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "మీ బాల్కనీ, నా బాల్కనీ పక్కపక్కనే కదా. తొమ్మిదింటికి నేను అటునుంచి పాట పాడొచ్చా?" అని అడిగింది.

ఫిర్యాదు చెయ్యడానికి కాకుండా పాట పాడటానికి అనుమతి అడిగిన జర్మనీ పక్కింటావిడను అదే మొదటిసారి చూడటం. అంత వినయంగా అడిగిన మనిషికి ఇంకెవరైనా "అయ్యో, తప్పకుండా" అని ఉండేవారు. నేను ఏమన్నానో తెలుసా? "ఏదీ, ముందు ఒకటి పాడండి, వింటాను" అన్నాను. (మన ఇళ్ళల్లో ఇంటికొచ్చిన ప్రతి పిల్లనూ చాపేసి కూర్చోబెట్టి పాడించి, కాఫీ తాగుతూ మార్కులు వేస్తారే, ఆ రక్తం.) ఆవిడ మెట్ల దగ్గరే నిలబడి, మాస్కులోంచే నాలుగు లైన్లు పాడింది. నేను కళ్ళు మూసుకుని, తల పంకించి, "గొంతు బాగానే ఉంది. పై స్థాయిలో చిన్న వణుకు ఉంది. రోజూ పొద్దున్నే కాసేపు స్వరాలు సాధన చెయ్యండి, పోతుంది" అన్నాను. ఆవిడ నడుం దాకా వంగి, "ధన్యవాదాలు, ప్రయత్నిస్తాను" అంది.

మర్నాడు తొమ్మిది కొట్టింది. చిట్టి నోరు తెరిచింది. అటు బాల్కనీలో ఆవిడ రెండు చేతులకు రెండు రంగుల సాక్సులు తొడుక్కుని ప్రత్యక్షమైంది. జత తప్పిపోయిన ఒక సాక్సు ఊరంతా తిరిగి రెండోదాన్ని వెతుక్కునే పాట. భాష మాకు తెలియదు, కానీ ఆ ఎడమచేతి సాక్సు ఎంత దిగులుగా ఉందో నాకే అర్థమైంది. చిట్టి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచేసి, ఏడుపు మర్చిపోయి, కటకటాల్లో మొహం ఇరికించి చూసింది. చివర్లో సాక్సులు రెండూ కలుసుకుని కావలించుకుంటే, మా పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని వారాలైందో! లోపల బావ మీటింగులో అంత నిశ్శబ్దం ఏమిటో అర్థంకాక రెండుసార్లు హెడ్‌ఫోన్సు తీసి చూసుకున్నాడట. ఆ రోజు నుంచి మా ఇంట్లో తొమ్మిదింటికి సాక్సుల పాటే సుప్రభాతం. నాకు సంతోషం వేసిందనే చెప్పాలి. లోపలెక్కడో కుళ్ళుగా కూడా ఉండేది. ద్వితీయ బహుమతికి లొంగని పిల్ల సాక్సుకు లొంగిందే!

ఆ కుళ్ళుకు తోడు వరస పేచీ ఒకటి వచ్చింది. నేను చిట్టికి, "అమ్మమ్మకు థాంక్స్ చెప్పు" అన్నాను. అరవై ఏళ్ళావిడను మనం ఇంకేమంటాం? ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, ఆవిడ మెత్తగా నవ్వి, "అమ్మమ్మను కాను, అక్కను" అంది. తన భాషలో అక్కా అనే మాటను చిట్టికి నేర్పింది కూడా. జోక్ అనుకున్నాను. మర్నాడు కూడా అదే మాట. మూడో రోజు, ఎప్పుడూ మారని ఆ మొహంలో కాస్త పట్టుదల కూడా కనిపించింది. "పాట పాడేటప్పుడు నేను అక్కనే." నేను లోపలికొచ్చి మా అక్కతో, "చూసినవా అక్కా, అరవై ఏండ్ల ముసల్ది, వయసు దాస్తున్నది!" అన్నాను. మా అక్క, "నీకేంది నొప్పి, పిలువరాదు! ఉద్యోగం నిలబెడ్తాంటే అక్క ఏంది, చెల్లె అని గూడ పిలుస్త నేను" అంది.

ఆవిడ తీరే వింతగా ఉండేది. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగేది. జర్మన్లు కూడా ఆగుతారు, అది వింత కాదు. పచ్చలైటు పడ్డాక ఈవిడ కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి, చిన్నపిల్లలా దాటేది. బేకరీలో బ్రెట్సెల్ రొట్టె కొనుక్కుంటే దాన్ని సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి కూర్చుని తినేది. నడుస్తూ ఒక ముక్క నోట్లో వేసుకోవడం నేనెన్నడూ చూడలేదు. కిటికీలోంచి ఇవన్నీ చూసి, పాపం ఒంటరితనంతో కాస్త తేడా వచ్చిందని నిర్ధారించాను. ఆ దయలోంచే నా జీవితంలోకెల్లా గొప్ప ఘనకార్యం పుట్టింది.

తెలుగువాళ్ళు ఇద్దరున్న చోట సంఘం, నలుగురున్న చోట రెండు సంఘాలు, ఎన్నున్నా పాటల పోటీ ఖాయం. మా ప్రాంతపు సంఘంవాళ్ళు ఆన్‌లైన్లో 'కుటుంబ గాన పోటీ' పెట్టారు. న్యాయనిర్ణేతను నేనే (ఇంకెవరూ ఒప్పుకోలేదు). వచ్చిన ఎంట్రీలు మూడు. నాలుగుంటే బాగుంటుందని, సాక్సుల పాటను ఫోన్లో రికార్డు చేసి ఆవిడ పేరున పంపించాను. మొదటి మూడు బహుమతులు తెలుగు పాటలకే ఇవ్వాలని సంఘం నియమం కాబట్టి ఆవిడకు ప్రోత్సాహక బహుమతి ప్రకటించాను. పూల అంచు, పైన వీణ బొమ్మ, కింద నా సంతకం ఉన్న ప్రశంసాపత్రం. న్యాయనిర్ణేత వ్యాఖ్య అనే గడిలో నా సొంత వాక్యం ఒకటి, తెలుగులోనూ, పక్కనే నాకొచ్చిన జర్మన్‌లోనూ రాశాను. దాన్ని ప్రింటు తీసి, ఆవిడ పోస్టుడబ్బాలో వేసి, ఒక పుణ్యకార్యం చేసిన తృప్తితో మెట్లెక్కాను.

ఇక ఆ సోమవారం. బావ పరీక్షాకాలం ముగిసేముందు చివరి పెద్ద మీటింగు. జపాను క్లయింటు కంపెనీ పెద్ద మేనేజరు స్వయంగా స్క్రీన్ మీదికి వస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. మొహంలో ఒక్క కండరం కదలదు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు 'రాయిదేవుడు'. ఆయన తల ఊపితే బావ ఉద్యోగం పక్కా, ఊపకపోతే మూటాముల్లె. ముందురోజు బావ ఇల్లంతా తిరిగి వేడుకున్నాడు. "రేపు పొద్దున సూది కింద పడ్డ సప్పుడు గూడ రావొద్దు." నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పాట కూడా చప్పుడే కదా? పక్కింటికి వెళ్ళి, "రేపు ఒక్కరోజు పాడకండి" అని చెప్పొచ్చాను. ఆవిడ ఏదో అడగబోయి, సరేనని తల వంచింది.

తొమ్మిదైంది. చిట్టి బాల్కనీలోకి వెళ్ళి కటకటాల్లో మొహం పెట్టింది. అవతల ఎవరూ లేరు. ఒక నిమిషం చూసింది, రెండు నిమిషాలు చూసింది. ఆ తర్వాత ఇన్ని వారాల బకాయి మొత్తం కలిపి ఒక్కసారి ఎత్తుకుంది. పిల్లను ఎత్తుకోబోతే కటకటాలు పట్టుకుని వదల్లేదు. అక్క పరుగెత్తుకొచ్చి గుసగుసగా, "నిన్నెవరే పాడొద్దని చెప్పమన్నది? అక్కలమారి తెలివి!" అని నెత్తి కొట్టుకుంది. దానికితోడు బావ గది కిటికీ తెరిచి ఉంది. చలిలో కూడా పొద్దున్నే కిటికీలు తెరిచి గాలి మార్చే జర్మన్ అలవాటు ఆయనకు సరిగ్గా ఆ వారమే అబ్బింది.

అప్పుడు పక్క బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఆవిడ సాక్సులు కూడా తొడుక్కోకుండా, పిల్ల ఏడుపు భరించలేనట్టు పరుగున వచ్చి, పాట ఎత్తుకుంది. ఏడుపు ఠక్కున ఆగింది. కానీ ఆ గొంతు! ఇన్నాళ్ళూ తగ్గించి పాడుతోందని ఆ క్షణంలో తెలిసింది. వీధి చివరి దాకా వినపడేలా, నీళ్ళలా స్వచ్ఛంగా వచ్చింది. ఇక బావ పని అయిపోయిందనుకున్నాను. రెండు చేతులూ ఊపుతూ, వేలు పెదాలమీద పెట్టి, "ష్! ష్! ఆపండి, దయచేసి ఆపండి!" అని ఆవిడను గదమాయించాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను చేత్తో నోరు మూసినంత పని చేశాను.

ఆవిడ ఆగింది. లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "సారీ సార్, పక్కింటివాళ్ళు, ఇప్పుడే కిటికీ మూసేస్తాను..." తర్వాత రాయిదేవుడి గొంతు. ఇంగ్లిషులో ఒకటే మాట. "మూయొద్దు."

తర్వాతిది బావ చెప్పగా కొంత, కిటికీలోంచి తొంగిచూసి కొంత తెలుసుకున్నాను. రాయిదేవుడి మొహంలో ఏదో కదిలింది. "ఆ పాట ఎవరు పాడుతున్నారు? ఆపొద్దని చెప్పండి" అన్నాడు. బావ నా వైపు చూసి చేత్తో సైగ చేశాడు. నేను ఆవిడ వైపు తిరిగి, పాడమన్నట్టు దణ్ణం పెట్టాను. ఆవిడ రెండో చరణం అందుకుంది. అంతే, ఆ పెద్దమనిషి కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాడు. పైన కోటూ టై, కింద గళ్ళ పైజమా! పన్నెండుమంది చూస్తున్నారని ఆయనకు గుర్తే లేదు. చేతిలో ఉన్న కాఫీ కప్పును గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు. రెండో చెయ్యి మెల్లగా పైకి లేచి సాక్సయింది. జత కోసం అటూ ఇటూ వెతికింది. మా బావ జర్మన్ బాసు, నెట్ ఏమైనా ఆగిందేమోనని తన స్క్రీన్ మీద తట్టి చూసుకున్నాడట.

పాట అయ్యాక ఆయన, "ఆమెతో ఒక్క మాట మాట్లాడొచ్చా?" అని అడిగాడు. బావ లాప్‌టాప్ బాల్కనీలోకి తెచ్చి పట్టుకున్నాడు. తెరలోంచి ఆయన జపనీసులో ఒక్క మాట అన్నాడు. ఆ మాట మాకు అప్పటికే బాగా తెలుసు. అక్కా, అని. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, చిట్టిని చూసినట్టే ఆయన్ని చూసి, జపనీసులో ఏదో అడిగింది. ఆ నలభై ఏళ్ళాయన నిటారుగా నిలబడి జవాబు చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు. ఏమడిగిందో తర్వాత కనుక్కున్నాను. "పళ్ళు తోముకున్నావా?" అని అడిగిందట. తోముకున్నానన్నాడట.

ఆ మధ్యాహ్నం బావకు ఫోన్ చేసి రాయిదేవుడే చెప్పాడు. అక్కడి టీవీలో పొద్దున్నే వచ్చే చిన్నపిల్లల కార్యక్రమంలో 'పాటల అక్క' అని ఒక పదవి ఉంటుందట. వందలమందిని పాడించి ఒక్కరిని ఎంచుకుంటారట. మా పక్కింటావిడ ఏడేళ్ళు ఆ పదవిలో ఉంది. ఆ ఏళ్ళలో పుట్టిపెరిగిన పిల్లలంతా ఆవిడ పాటతోనే పళ్ళు తోముకున్నారు, సాక్సులు తొడుక్కున్నారు. నేను సోఫాలో కూలబడ్డాను. ఒక దేశంలోని పిల్లలందరినీ ఊరుకోబెట్టిన గొంతును మెట్ల దగ్గర నిలబెట్టి పాడించాను. వణుకుందన్నాను. స్వరాలు సాధన చెయ్యమన్నాను. అంతలో ప్రశంసాపత్రం గుర్తొచ్చింది.

చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి పక్క తలుపు కొట్టాను. ఆవిడ తీసిన తలుపులోంచే ఎదురుగోడ కనపడింది. టీవీ రోజుల ఫొటో ఒక్కటి లేదు, పతకం లేదు. తెల్లని గోడ మధ్యలో, మంచి చెక్క ఫ్రేములో, వీణ బొమ్మతో, నా సంతకంతో, ప్రోత్సాహక బహుమతి! "దయచేసి దాన్ని తీసెయ్యండి, నాకు తెలియక..." అని ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ గడప అవతల కుర్చీ వేసి, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, ఆ రోజు మొదటిసారి తన గురించి చెప్పింది. పాటల అక్కగా ఉన్నన్నాళ్ళూ రోడ్డు మీద నడుస్తూ తినకూడదు, ఎర్రలైటు దాటకూడదు, ప్రేమ వ్యవహారం కనపడకూడదు, విదేశం వెళ్ళకూడదు. ఏ పిల్ల ఎక్కణ్ణించి చూస్తుందో తెలియదు. పదవి దిగాక, ఏడేళ్ళూ చూడని లోకాన్ని పదిరోజులు చూద్దామని జర్మనీ వచ్చి, ఇక్కడో పియానోలు బాగుచేసే ఆయన్ని పెళ్ళాడి, ముప్పై ఏళ్ళు ఉండిపోయింది. ఆయన పోయి రెండేళ్ళయింది. "నేను దిగిన మర్నాడే నా చోట కొత్త అక్క నిలబడింది. పిల్లలు మూడు రోజులు ఏడ్చారట. నాలుగో రోజు ఆ అమ్మాయితో పాడారు. అలాగే ఉండాలి. పిల్లలు మర్చిపోతేనే మనం పని బాగా చేసినట్టు" అంది.

"మరి మిమ్మల్ని అమ్మమ్మా అని పిలిపించొద్దని అన్నారెందుకు?" అని అడిగాను. "పదవి దిగాను. వరస దిగడం చేతకాలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత మీ పాప ఒక్కతే అక్కా అని పిలుస్తుంటే, మధ్యలో మీరొచ్చారు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గోడ వైపు చెయ్యి చూపించి మళ్ళీ బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ ఏడేళ్ళలో నాకెవరూ బహుమతి ఇవ్వలేదు. అక్కకు ఎవరిస్తారు? ఇది నేను పోటీలో గెలుచుకున్నది" అంది.

బావ ఉద్యోగం పక్కా అయింది. తన కోడ్ చూసి అయిందని బావ అంటాడు, సాక్సు చూసి అయిందని మా అక్క అంటుంది. ఆ గుడి మాత్రం ఇప్పటిదాకా కట్టలేదు. నాకు బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. లోకం మాస్కులు తీసేశాక ఆవిడ తన చెల్లెలి దగ్గర ఉండటానికి జపాను వెళ్ళిపోయింది. చిట్టి ఇప్పుడు పెద్ద క్లాసులకొచ్చింది, ఏమడిగినా జర్మన్‌లోనే జవాబు. మొన్న వెళ్ళినప్పుడు సాక్సుల అక్క గుర్తుందా అని అడిగితే, ఫోన్ లోంచి తలెత్తకుండా, "ఎవరు చిన్నమ్మా?" అంది. నాకు చివుక్కుమంది. ఆ మర్చిపోవడమే ఆవిడ కోరుకున్నదని కాసేపటికి గానీ గుర్తురాలేదు.

నేను పాడటం మానేసి చాలా కాలమైంది. ఎవరికీ మార్కులు కూడా వెయ్యడం లేదు. కానీ ప్రతి కొత్త సంవత్సరానికీ జపాను నుంచి నాకొక కార్డు వస్తుంది. పోయినేడాది కార్డుతో పాటు ఒక ఫొటో కూడా వచ్చింది. కొత్త ఇల్లు, కొత్త గోడ, దానిమీద అదే చెక్క ఫ్రేము. ఇరవై నాలుగేళ్ళ మహావిదుషి మెలికలు తిప్పి పెట్టిన సంతకం పైన, న్యాయనిర్ణేత వ్యాఖ్య స్పష్టంగా కనిపిస్తోంది. "గొంతు బాగుంది. ఇంకా సాధన చేస్తే మంచి భవిష్యత్తు ఉంది." కార్డులో ఎప్పుడూ ఒకటే వాక్యం ఉంటుంది, ఒద్దికైన జర్మన్ అక్షరాల్లో. "గౌరవనీయులైన న్యాయనిర్ణేత గారికి, సాధన చేస్తున్నాను. మీ అక్క."